‘వాళ్లకి అలవాటే’ అన్న మాట వెనుక: ఒంట్లో కాపలా ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఓడిపోతుంది

తెల్లవారుజామున ఐదు గంటలు. ఒక పట్టణంలో మస్టర్ కోసం నిలబడ్డ పారిశుధ్య కార్మికులతో మాట్లాడుతున్నాను. పదిహేను మందిలో గ్లౌజులు ఉన్నది ఇద్దరికి. ఆ రెండు జతలూ వాళ్లు సొంత డబ్బుతో కొనుక్కున్నవే. మిగతావాళ్లకి ఎందుకు లేవని మేస్త్రిని అడిగితే నవ్వాడు. “వాళ్లకి అలవాటే సార్. మనం అందులో చెయ్యి పెడితే మర్నాటికి జ్వరం. వాళ్లకి ఏమీ కాదు, ఇమ్యూనిటీ ఎక్కువ” అన్నాడు. పక్కనే చీపురు కట్టుకుంటున్న పెద్దామె తల ఎత్తకుండానే, “ఏమీ కాకపోతే మా ఆయన కామెర్లొచ్చి ఎందుకు పోతాడు బాబూ” అంది.

మేస్త్రి మాట కొత్తది కాదు. కరోనా కాలంలో చదువుకున్నవాళ్ల నోట, టీవీ చర్చల్లో ఇదే మాట ఎన్నోసార్లు విన్నాం: పేదవాళ్లకి రోగనిరోధక శక్తి ఎక్కువట, మురికిలో బతికేవాళ్లని వైరస్ ఏమీ చేయలేదట. వినడానికి ఇది పొగడ్తలా ఉంటుంది. కానీ గ్లౌజులు ఇవ్వకపోవడానికీ, టీకా వేయించకపోవడానికీ, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడానికీ ఇదే సాకు అవుతుంది. ఒకప్పుడు ఈ పనికి కులాన్ని కారణంగా చూపించేవారు. ఇప్పుడు అదే స్థానంలో సైన్స్ మాట ఒకటి తెచ్చి పెడుతున్నారు. కాబట్టి ఆ సైన్స్ నిజంగా ఏం చెబుతుందో మనం తెలుసుకోవాలి.

కాపలా రెండు అంచెలు

మన ఒంటికి మొదటి గోడ చర్మం. కన్నీళ్లలో, లాలాజలంలో బాక్టీరియా గోడని చీల్చే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కడుపులో ఆమ్లం ఉంటుంది. ఊపిరిగొట్టాల్లో జిగట, దాన్ని పైకి నెట్టే సన్నని కేశాలు ఉంటాయి. చర్మం తెగితే గోడలో కంత పడినట్టే. చీపురు పుల్ల గుచ్చుకున్న వేలు, గాజు పెంకు కోసిన పాదం రోగ నిరోధక శాస్త్రం దృష్టిలో చిన్న విషయం కాదు.

గోడ దాటి లోపలికి వచ్చినదాన్ని ముందుగా ఎదుర్కొనేది పుట్టుకతో వచ్చిన దళం. ఇందులో మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ ముఖ్యమైనవి. ఇవి సూక్ష్మజీవిని మింగి అరిగించేస్తాయి. 1882లో ఎల్యా మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త సముద్ర నక్షత్రం పిల్లలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. మింగే కణాల సంగతి అలా తెలిసింది. ఆ పరిశోధనకే 1908లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఈ దళం గంటల్లోనే రంగంలోకి దిగుతుంది. కానీ దానికి సూక్ష్మజీవుల్లో మామూలుగా కనిపించే కొన్ని గుర్తులు మాత్రమే తెలుసు. ఒక్కో జబ్బుని విడిగా పోల్చుకోవడం దీని పని కాదు.

రెండో దళం నెమ్మదిగా కదులుతుంది, కానీ గురి తప్పదు. మొదటి దళంలో డెండ్రైటిక్ కణాలని ఉంటాయి. అవి సూక్ష్మజీవి ముక్కలని మోసుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి వెళతాయి. అక్కడ లక్షల టి కణాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కో రకం తాళంచెవి. వచ్చిన ముక్కకి సరిపోయే చెవి ఏ కణం దగ్గర ఉందో ఆ కణం రెట్టింపు, నాలుగింతలై పెరుగుతుంది. సాయపడే టి కణాలు మిగతావాటికి ఆదేశాలిస్తాయి. చంపే టి కణాలు వైరస్ చొరబడ్డ కణాలని చంపుతాయి. బి కణాలు యాంటీబాడీలని తయారుచేస్తాయి. ఇదంతా జరగడానికి వారం, పది రోజులు పడుతుంది. మెడ కింద, చంకలో బిళ్లలు కట్టడం అంటే ఈ పని జరుగుతోందని అర్థం.

జ్ఞాపకం ఉంటుంది, కానీ దేనికి దానికే

యుద్ధం ముగిశాక కొన్ని కణాలు ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. మళ్లీ అదే శత్రువు వస్తే వారం ఆగకుండా రెండు మూడు రోజుల్లోనే కదులుతాయి. ఇదే రోగనిరోధక జ్ఞాపకం. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చి పోయింది. మళ్లీ 1846 దాకా రాలేదు. ఈసారి సుమారు 7,800 మంది జనాభాలో దాదాపు 6,000 మందికి సోకింది. పానుమ్ అనే యువ డాక్టరు ఇంటింటికీ తిరిగి చూస్తే, 65 ఏళ్ల కిందట తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లకి మాత్రం మళ్లీ రాలేదు.

అయితే ఆ ముసలివాళ్లకి రక్షణ దొరికింది తట్టు నుంచి మాత్రమే. మశూచి నుంచో, కలరా నుంచో కాదు. జ్ఞాపకం ఒక జబ్బుకి సంబంధించినది. ‘మురికి’ అనే దానికి జ్ఞాపకం ఉండదు. మురుగు కాలువలో ఉన్నది ఒక సూక్ష్మజీవి కాదు, వందల రకాలు. ‘అలవాటు’ అన్న మాట మొదటి దెబ్బ తినేది ఇక్కడే.

అలవాటు పడని జబ్బులు

పారిశుధ్య కార్మికులకి పనిలో తగిలే జబ్బులని ఒక్కొక్కటిగా చూద్దాం.

ధనుర్వాతం. దీన్ని తెచ్చే బాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటుంది. అది వదిలే విషం ఎంత తీవ్రమైనదంటే, మనిషిని చంపడానికి సరిపోయే మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థ గమనించి గుర్తుపెట్టుకోవడానికి చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డ మనిషికి కూడా మళ్లీ టీకా వేయాలి. జబ్బు నేర్పని పాఠాన్ని టీకా మాత్రమే నేర్పుతుంది.

ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి లెప్టోస్పైరా అనే బాక్టీరియా పగిలిన కాళ్ల సందుల్లోంచి ఒంట్లోకి వస్తుంది. దీనిలో జబ్బు తెచ్చే ఉపరకాలు 200 పైనే ఉన్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే రక్షణ ఎక్కువగా ఆ రకానికే. వానాకాలంలో మోకాలి లోతు కాలువలో దిగే మనిషికి ఇన్ని రకాలూ ‘అలవాటు’ అయ్యే అవకాశమే లేదు.

కామెర్లు. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు మలంతో కలుషితమైన నీటి ద్వారా వస్తాయి. హెపటైటిస్ బి రక్తం ద్వారా వస్తుంది. ఆసుపత్రి చెత్తలో వాడిపడేసిన సూది ఒక్కటి గుచ్చుకున్నా చాలు. పెద్దవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఒంట్లోంచి తరిమేయగలరు. కానీ కొందరిలో అది లివర్‌లో తిష్ఠ వేసి, ఇరవై ముప్పై ఏళ్లకి సిర్రోసిస్‌గా, క్యాన్సర్‌గా బయటపడుతుంది. దీనికి మంచి టీకా ఉంది, ఆరు నెలల్లో మూడు డోసులు. మన దేశంలో పసిపిల్లలందరికీ ఈ టీకా వేయడం 2011 నాటికి గాని దేశమంతటా అమల్లోకి రాలేదు. అంటే ఇవాళ చీపురు పట్టిన వయోజనుల్లో అత్యధికులకి, ఎవరో ప్రత్యేకంగా వేయిస్తే తప్ప, ఆ టీకా లేదు.

ఇక మ్యాన్‌హోల్. అక్కడ చంపేది సూక్ష్మజీవి కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువు, ప్రాణవాయువు లేకపోవడం. విషవాయువుకి యాంటీబాడీలు ఉండవు. ఇక్కడ అలవాటు పడేది ముక్కు ఒక్కటే. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. కాసేపటికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాయువు మోతాదు ఎక్కువైతే వాసన తెలిసే నరమే పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కదా, ప్రమాదం తగ్గిందని మనిషి అనుకునే క్షణమే అన్నిటికన్నా ప్రమాదం. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి ‘మమ్మల్ని చంపడం ఆపండి’ అని అడుగుతున్నది అందుకే. ఆ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో ఇలాంటి మరణానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని 30 లక్షలకి పెంచింది. పరిహారం పెరిగింది, దింపడం మాత్రం ఆగలేదు.

మనకి కనిపించేది మిగిలినవాళ్లే

అయినా మేస్త్రి కళ్లతో చూసింది అబద్ధమా? ఇరవై ఏళ్లుగా వట్టి చేతులతో చెత్త ఎత్తుతున్నవాళ్లు ఆయన ముందు నిలబడే ఉన్నారు కదా?

ఆయన చూసింది నిజమే, దాన్నుంచి తీసుకున్న అర్థం తప్పు. మస్టర్‌లో నిలబడేది పనికి రాగలిగినవాళ్లు. జబ్బుపడి మంచాన పడ్డవాళ్లు, పని మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు ఆ వరసలో ఉండరు. మిగిలినవాళ్లని మాత్రమే లెక్కపెట్టి ‘ఎవరికీ ఏమీ కాలేదు’ అనుకోవడాన్ని ఆరోగ్య పరిశోధకులు ఆరోగ్యవంత కార్మిక దోషం అంటారు. ఆ పెద్దామె భర్త ఆ వరసలో లేడు. అందుకే మేస్త్రి లెక్కలోకీ రాలేదు.

కొన్ని జబ్బుల్లో పదేపదే సోకడం వల్ల కొంత రక్షణ వచ్చే మాట నిజమే. మలేరియా తీవ్రంగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో పెద్దవాళ్లకి పాక్షిక రక్షణ ఉంటుంది. కానీ దానికి ఆ సమాజం చెల్లించే వెల ఐదేళ్లు నిండని పిల్లల ప్రాణాలు. అంత వెల పెట్టి కొన్న రక్షణని ‘సహజ శక్తి’ అని పిలవడం అన్యాయం.

మురికి మేలు చేస్తుందా?

ఈ వాదానికి ఇంకో రూపం ఉంది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఎక్కువమంది తోబుట్టువులున్న పిల్లల్లో అలర్జీ జలుబు తక్కువగా ఉందని గమనించాడు. చిన్నప్పుడు సూక్ష్మజీవుల పరిచయం అలర్జీలని తగ్గిస్తుందేమోనన్న ఊహ అక్కడ మొదలైంది. అది అలర్జీల గురించిన ఊహ. మురుగునీళ్లు తాగితే టైఫాయిడ్‌ని తట్టుకోవచ్చని అందులో ఎక్కడా లేదు.

నిజానికి జరిగేది దానికి విరుద్ధం. మరుగుదొడ్డి లేని, మంచినీళ్లు లేని వాడలో పెరిగే పసిపిల్ల పేగు ఎప్పుడూ ఏదో ఒక దాడిని ఎదుర్కొంటూ వాపెక్కి ఉంటుంది. తిన్నది వంటబట్టదు, ఎదుగుదల ఆగుతుంది. నోటి ద్వారా వేసే టీకాలు కూడా అలాంటి పేగులో సరిగా పట్టవు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో పోలియో చుక్కలు పదేపదే వేయాల్సి రావడానికి ఒక కారణం ఇదే. రోటావైరస్ టీకాలు ధనిక దేశాల్లో తీవ్ర విరేచనాలని 85 శాతం పైగా ఆపితే, మన దేశపు రోటావాక్ పరీక్షల్లో ఆ రక్షణ సుమారు 55 శాతం. అయినా ఆ టీకా వేల ప్రాణాలు కాపాడగలదు, తప్పక వేయించాలి. నేను చెప్పేది ఒక్కటే: మురికి ఆ పిల్లని బలపరచలేదు, ఆమెకి దక్కాల్సిన టీకా ఫలితాన్ని కూడా తగ్గించింది.

కాపలా ఓడిపోయే దారులు: క్షయ చెప్పే కథ

రోగనిరోధక వ్యవస్థ ఎలా ఓడిపోతుందో అర్థం చేసుకోవడానికి క్షయ కన్నా మంచి ఉదాహరణ లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 1882లో రాబర్ట్ కాక్ దీని క్రిమిని ప్రకటించాడు. ఆ క్రిమి ఊపిరితిత్తుల్లోకి వస్తే మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది. కానీ ఈ క్రిమి అరగదు. మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు టి కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయన సంకేతంతో మాక్రోఫేజ్‌లని ఉసిగొల్పుతాయి. అన్నీ కలిసి క్రిముల చుట్టూ గుండ్రంగా గోడ కడతాయి. దాన్నే గ్రాన్యులోమా అంటారు. ఈ గోడ నిలబడినంత కాలం మనిషికి జబ్బు లేనట్టే. క్రిమి సోకినవాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే.

అయితే ఆ గోడ ఎవరిలో కూలుతుంది?

మొదటిది, ఆకలి. టి కణాలు తయారయ్యేది ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో. పోషణ లేని పిల్లల్లో ఈ గ్రంథి కుంచించుకుపోతుంది. ప్రోటీన్ లేకపోతే కణాలు వేగంగా పెరగలేవు, యాంటీబాడీలు తయారుకావు, ఎందుకంటే యాంటీబాడీ అంటేనే ప్రోటీన్. మన దేశంలో క్షయకి అన్నిటికన్నా పెద్ద కారణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చూపిస్తున్నది పోషకాహార లోపాన్నే. ఆకలి అందరికీ సమంగా పంచినది కాదని కూడా మనకి తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వయసుకి తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు దళితుల్లో 39 శాతం, ఆదివాసీల్లో 41 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కాని వర్గాల్లో 30 శాతం.

రెండోది, దుమ్ము. రాయి కొట్టే చోట, పలకలు కోసే చోట, గనిలో ఎగిరే సిలికా ధూళిని కూడా మాక్రోఫేజ్ మింగుతుంది. అరిగించలేక అదే చచ్చిపోతుంది. ధూళి బయటపడుతుంది, మరో మాక్రోఫేజ్ మింగుతుంది. ఇలా కాపలా కణాలు చస్తూ పోతే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. అలాంటివాళ్లకి క్షయ వచ్చే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. మన దేశంలో సిలికోసిస్ మొదట నమోదైన చోట్లలో కోలార్ బంగారు గనులు ఒకటి. అక్కడ సొరంగాల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది తమిళ, తెలుగు దళితులు.

మూడోది, హెచ్‌ఐవి. ఈ వైరస్ నేరుగా సాయపడే టి కణాల్లోకే, అంటే సీడీ4 కణాల్లోకే చొరబడుతుంది. ఆదేశాలిచ్చేవాళ్లే పోతే మిగతా దళానికి దారి తెలియదు. ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరు రక్తానికి 500 నుంచి 1500 దాకా ఉండే ఈ కణాలు 200 కన్నా తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. అప్పుడు మామూలు బూజులు, క్రిములు కూడా ప్రాణం తీస్తాయి. మన దేశంలో దీన్ని మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. 2004 నుంచి మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుంటే సీడీ4 కణాలు మళ్లీ పెరుగుతాయి.

ఈ మూడింటిలో ఒక్కటీ పుట్టుకతో వచ్చిన బలహీనత కాదు. పళ్లెం, పని, వైద్యం ఈ మూడూ నిర్ణయించినవే.

బలం ఎక్కువైనా ఓటమే

‘ఇమ్యూనిటీ బూస్టర్’ పేరుతో అమ్మే కషాయాల గురించి కూడా ఒక మాట. రోగనిరోధక శక్తి అంటే పెంచే కొద్దీ మంచిది కాదు. అది సొంత ఒంటినే శత్రువనుకుంటే కీళ్లవాతం, లూపస్, చిన్నపిల్లల్లో వచ్చే టైప్ 1 మధుమేహం వస్తాయి. హద్దు లేకుండా చెలరేగితే సెప్సిస్‌లో, తీవ్రమైన కోవిడ్‌లో జరిగినట్టు సొంత అవయవాలే దెబ్బతింటాయి. అందుకే ఒంట్లో అదుపు చేసే టి కణాలు కూడా ఉంటాయి. వాటిపై పనిచేసిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకి 2025 నోబెల్ బహుమతి వచ్చింది. మనిషికి కావాల్సింది సీసాలో దొరికే ‘బూస్ట్’ కాదు, ఆ వ్యవస్థ సక్రమంగా పనిచేయడానికి కావాల్సిన కూడు, నిద్ర, టీకా.

కూడు ఎంత పనిచేస్తుందో జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అధ్యయనం చూపించింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల నాయకత్వంలో 2,800 మంది క్షయ రోగులకి నెలనెలా ఆహారం ఇచ్చారు. సగం మంది ఇళ్లలో రోగితో పాటు ఇంటిల్లిపాదికీ తలకి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. రోగికి మాత్రమే ఆహారం ఇచ్చిన కుటుంబాలతో పోలిస్తే, అందరికీ ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకి వచ్చే, ఇతరులకి అంటే రకం దాదాపు సగానికి తగ్గింది. బియ్యం, పప్పు ఇంత పని చేశాయి. క్షయ రోగికి నెలకి 500 రూపాయలుగా ఉన్న నిక్షయ్ పోషణ్ సాయం 2024 నవంబరు నుంచి 1,000 అయింది. మంచిదే. కానీ ఈ అధ్యయనం చెబుతున్నది రోగి ఒక్కడి గురించి కాదు, ఆ ఇంటి గురించి.

ఏం అడగాలి

ఉద్యమంలో ఉన్న మిత్రులు, విద్యార్థులు మీ ఊరి మున్సిపాలిటీకి వెళ్లి అడగగలిగే ప్రశ్నలు ఇవి. కార్మికుల్లో ఎంతమందికి హెపటైటిస్ బి మూడు డోసులూ పడ్డాయి? కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకి కూడా వేశారా? ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేశారు? సూది గుచ్చుకుంటే ఎక్కడికి వెళ్లాలో మేస్త్రికి తెలుసా? గ్లౌజులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే రాశారు, ఎన్ని కొన్నారు, ఎవరికి ఇచ్చారు? క్షయ పరీక్షలు చేశారా? సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటి పెడితే ఈ జవాబులు కాగితం మీదికి వస్తాయి. వరసలో లేనివాళ్ల లెక్క కూడా అడగండి: గత పదేళ్లలో పనిలో ఉండగా ఎంతమంది చనిపోయారు, ఏ జబ్బుతో?

ఆ పెద్దామె భర్త పోయాక ఆయన చోట ఆమే పనిలో చేరింది. టీకా ఏమైనా వేశారా అమ్మా అని అడిగాను. “కరోనాకి వేశారు. ఇంకేం టీకాలుంటాయి బాబూ పెద్దోళ్లకి?” అంది. ఆయన ప్రాణం తీసింది ఏ రకం కామెర్లో ఆమె దగ్గరున్న కాగితాల్లో లేదు. కానీ ఆమెకి వేయాల్సిన టీకా మూడు డోసులే. అది ఉందన్న సంగతి కూడా ఎవరూ ఆమెకి చెప్పలేదు.